సీతాబాయి అల్లిన స్వెటర్

పూర్ణా జంక్షన్
8-10-1961

అనంతమ్మా,

ఇక్కడ మీ అన్న, పిల్లలు, నేను బాగానే ఉన్నాం. మీ అన్నను పార్సిల్ ఆఫీసుకు మార్చారు. పొద్దంతా అరటి గెలలు లెక్కపెట్టి, ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే పళ్ళెంలో రొట్టెలు కూడా లెక్కపెడుతున్నాడు. అక్కడ మీ అత్తగారు, మీ ఆయన బస్వరాజ్ అన్నయ్య కులాసా అని తలుస్తాను. మీ పుట్టింటికి ఝరాసంగం పోయినప్పుడు మామకు నా దండాలు చెప్పు. ఆయన నేసిచ్చిన గొంగడి ఇక్కడ మా అందరి చలీ కాస్తోంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక మూట వస్తుంది. గార్డు రేవణసిద్ధప్ప గారు మీ స్టేషన్లో దింపుతారు. అన్నయ్యను పంపి తెప్పించుకో.

మూటలో ఉన్నది నా చెల్లెలిది. సీతాబాయి పోయిన మాఘంలో హైదరాబాదులో హాస్టల్లో జ్వరంతో పోయిందా, దాని ట్రంకు పెట్టె ఎండాకాలంలోనే నా దగ్గరికి వచ్చింది. తెరవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. పుస్తకాల అడుగున ఒక స్వెటర్ ముక్కలున్నాయి. ముందు భాగం, వీపు, ఒక చెయ్యి. రెండో చెయ్యి లేదు. నీలం ఊలు రెండు ఉండలు, సూదులు అట్లాగే పెట్టి ఉన్నాయి. టీచరు ట్రైనింగులో అల్లిక నేర్పించారట. పదిహేడేళ్ళ బతుకులో అది అల్లింది ఇదొక్కటే.

మన కురుమల ఇళ్ళల్లో ఊలంటే గొంగడే. ఆడవాళ్ళం వడుకుతాం, మగవాళ్ళు నేస్తారు. సూదులతో అల్లడం వచ్చింది నీకొక్కదానికే. రెండో చెయ్యి అల్లి, ముక్కలు కలిపి కుట్టి పంపు. మాఘంలో ఏడాది వస్తుంది, ఆ లోపల కావాలి.

నీ సంగతి తెలిసే అడుగుతున్నాను. మా పెద్దోడికి నువ్వు మొదలుపెట్టిన టోపీ వాడికి మీసాలు వచ్చాక అందుతుందని మీ అన్న అంటున్నాడు. దీన్ని మాత్రం అట్లా చెయ్యకు తల్లీ.

మీ వదిన,
లక్ష్మమ్మ

జహీరాబాద్
19-11-1961

వదినకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, తిట్టుకుని ఉంటావు. మూట భద్రంగా చేరింది. విప్పి ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈయన బడి నుంచి వచ్చి, "ఏమైంది, గట్ల కూసున్నవ్?" అంటే ముక్కలు ఈయన చేతిలో పెట్టాను.

మహిళా మండలిలో అల్లిక నేర్చుకుని రెండేళ్ళయింది. గ్రామసేవిక ఇచ్చిన సూదులు చాలక, సైకిలు చక్రం పుల్లలు అరగదీసి ఈయన నాలుగు జతలు చేసిచ్చారు. నాలుగూ ఇప్పుడు బిజీగానే ఉన్నాయి. ఒకదాని మీద మీ పెద్దోడి టోపీ, ఒకదాని మీద మేజోడు (దాని జత ఇంకా మొదలుకాలేదు), ఒకదాని మీద ఈయన మఫ్లరు, అది ప్రస్తుతానికి మెడకు చాలదు గానీ మణికట్టుకు చాలుతుంది. నాలుగోది ఏమవుతుందో నాకే తెలియదు. "మా ఇంట్ల అన్నీ మొదళ్ళే, కొసలు లేవు" అని ఈయన బళ్ళో కూడా చెప్పి నవ్వుతున్నారట. ఏం చెయ్యను వదినా, మొదటి వరస వేస్తున్నప్పుడు ఉండే సంబరం పదో వరసకు ఉండదు. మొదట్లో ఏ తప్పూ కనిపించదు. తప్పు కనిపించగానే వేరేది మొదలుపెట్టాలనిపిస్తుంది.

సీతాబాయిది మాత్రం అట్లా కాదు. ముక్కలు కలిపి కుట్టేశాను. ఒక చెయ్యి ఉంది, రెండో పక్క ఖాళీ. చెయ్యి మొదలుపెట్టాలంటే భయమేస్తోంది. ఆ పిల్ల అల్లిక వదులు, నాది బిర్రు. కలవదేమోనని. అయినా మాఘం లోపల చేస్తాను, నా మాట నమ్ము.

అత్త నిన్ను అడిగానని రాయమంది. అల్లం తవ్వుతున్నారు, సంచి పంపుతాం.

నీ ఆడబిడ్డ,
అనంతమ్మ

పూర్ణా జంక్షన్
20-2-1962

అనంతమ్మా,

అల్లం అందింది. స్వెటర్ అందలేదు.

మా పుట్టింటికి మొగుడంపల్లి పోయి సీతాబాయి ఏడాది చేసి వచ్చాం. పటానికి దండ వేశారు. ఆ పటం పక్కన స్వెటర్ పెడదామనుకున్నాను, ఖాళీ చేతులతో పోయాను. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. దాని అవసరం నాకెంతో నీకు చెప్పకుండా పంపాను, అది నా తప్పే. ఇప్పుడు చెప్తాను, మీ అన్నకు కూడా తెలియదు.

జ్వరం వచ్చిన మూడో రోజు సీతాబాయి నాకు కార్డు రాసింది. "అక్కా, ఒంట్లో బాగాలేదు, ఒకసారి వచ్చిపో" అని. నేను పోలేదు. పిల్లలకు బాగాలేకనో, రైళ్ళు లేకనో కాదు. అప్పుడే ఈ క్వార్టర్ ఇచ్చారు, సున్నం వేయిస్తున్నాను. అది ప్రతిసారీ తలనొప్పి వచ్చినా రమ్మని రాస్తుంది కదా, రెండు రోజులాగి పోదాంలే అనుకున్నాను. గోడలు ఆరే లోపల అది పోయింది.

అప్పటినుంచి నాకు ఒకటే మనాది. అది నా మీద కోపంతో పోయిందా? అడగడానికి మనిషి లేదు. ఆ స్వెటర్ ఎవరికి అల్లుకుందో తెలియదు. ముక్కలు సాగుతాయి, ముడుచుకుంటాయి, వాటిని చూస్తే కొలత అందడం లేదు. అందుకని నీకు పంపాను. రెండో చెయ్యి పెడితే తొడుక్కుని చూస్తాను. అది బక్కపల్చటి పిల్ల. నాకు పట్టలేదంటే తనకోసం అల్లుకున్నట్టు. నాకు సరిపోయిందంటే నాకోసం అల్లింది. నాకోసం అల్లుతూ ఉన్న పిల్లకు నా మీద కోపం ఉండదని ఒక ఆశ.

నవ్వితే నవ్వు. నాకు మాత్రం ఇదే దిక్కు.

లక్ష్మమ్మ

జహీరాబాద్
11-3-1962
(ఈ ఉత్తరం ఆ రోజు పోస్టులో పడలేదు.)

వదినా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మొదలుపెట్టడం ఒక్కటే వచ్చినదాన్ని, అదీ రావడం లేదు.

నీ ఉత్తరం చదివిన రోజే సూదులు పట్టుకున్నాను. పద్నాలుగు రోజుల్లో రెండో చెయ్యి అయింది. నేను కొసదాకా అల్లింది అదొక్కటే. కుట్టి చూస్తే రెండు చేతులూ రెండిళ్ళ పిల్లల్లా ఉన్నాయి. ఒకటి మెత్తగా, ఒకటి బిర్రుగా. తడిపితే రెండూ కలుసుకుంటాయి అనుకున్నాను. గొంగడి మగ్గం దిగగానే మన ఇంట్లో ఏం చేస్తారో నీకు తెలుసు. బాపు మరిగిన నీళ్ళు పోస్తాడు, చిన్నప్పుడు నేనూ అన్నా ఎక్కి తొక్కేవాళ్ళం, ఆ పైన చింతగింజల గంజి పట్టిస్తాడు. అట్లా చేస్తేనే నేత కలిసి గట్టిపడుతుంది, వాన దిగదు. ఊలు ఊలే కదా అనుకున్నాను వదినా. గంగాళం నిండా నీళ్ళు మరగబెట్టి, పెరట్లో రాతి తొట్టిలో పోసి, స్వెటర్ వేసి, కాలు ఓర్చేంత వేడికి రాగానే చీర ఎగ్గట్టి తొక్కాను. పాట కూడా పాడుకున్నాను. నీకు మంచి పని చేస్తున్నానని ఎంత సంతోషమో.

చల్లారాక తీస్తే చేతికి వచ్చింది స్వెటర్ కాదు. వేలి మందాన నీలం అట్ట. నాలుగేళ్ళ పిల్లకు కూడా ఎక్కదు. కుట్టు కనిపించదు, వరస కనిపించదు. లాగి చూశాను, సాగలేదు. మళ్ళీ తడిపి లాగాను. గోళ్ళు నొప్పి పుట్టాయి గానీ అది కదల్లేదు.

మర్నాడు సంచిలో పెట్టుకుని ఝరాసంగం పోయాను. బాపు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "మన గొర్రెల ఊలు మొరటుది బిడ్డా. ఎంత తొక్కినా జర బిగుస్తది, గంతే. గిది షహర్ ఊలు, మెత్తగుంటది. మరిగిన నీళ్ళు పోస్తె ఒకదాన్నొకటి పట్టుకుంటది, ఇగ ఇడువదు" అన్నాడు. "మల్ల వదినకు ఏం చెప్పాలె బాపూ?" అంటే, "అయిందే చెప్పు" అన్నాడు.

నువ్వు తొడుక్కుని చూడవలసిన కొలత నా కాళ్ళ కింద పోయింది. నన్ను ఏమన్నా పడతాను.

అనంతమ్మ

జహీరాబాద్
12-3-1962

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఎంతో బాధ కలిగింది. ఫికర్ పడకు. రెండో చెయ్యి సగం అయింది. సూది ఒకటి విరిగింది, కొత్తది చేయించాలి. ఆలస్యమైనా మంచిగా చేసి పంపుతాను. ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. పిల్లలకు ముద్దులు.

అనంతమ్మ

పూర్ణా జంక్షన్
30-6-1962

అనంతమ్మా,

మార్చిలో నాలుగు వరసల ఉత్తరం రాశావు, తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు. నీ ఉత్తరం అంటే కనీసం మూడు కాగితాలు, అందులో ఒకటి మీ వీధి సంగతులు. ఇదేమిటని మీ అన్నను అడిగితే, "నువ్వే ఏమన్న అన్నవేమో" అన్నాడు. ఆలోచించి చూశాను.

మా పెద్దోడి టోపీ గురించి ఎగతాళి చేశాను. నీ మనసు నొచ్చిందా? నేను వదినను, నిన్ను కాక ఎవరిని అంటాను? అయినా తప్పే, మన్నించు. నువ్వు కొత్త ఇంట్లో దిగినప్పుడు మేం రాలేదు, చీర కూడా పెట్టలేదు. అది మనసులో ఉంటే అదీ మన్నించు.

ఇంకొక అనుమానం ఉంది. చచ్చిపోయిన పిల్ల వస్తువు ఇంట్లో ఎందుకని మీ అత్తగారు ఏమైనా అన్నారా? నాకు చెప్పలేక నలుగుతున్నావా? అట్లా అయితే ఒక్క ముక్క రాయి. నేను ఏమీ అనుకోను, మీ అన్నను పంపి తెప్పించుకుంటాను.

మామిడికాయ తొక్కు పెట్టాను. జాడీ మీ స్టేషన్‌కు పంపుతున్నాను. తెరిచేటప్పుడు తడి చెయ్యి పెట్టకు.

మీ వదిన,
లక్ష్మమ్మ

జహీరాబాద్
18-11-1962

వదినకు నమస్కారాలు.

తొక్కు జాడీ ఎప్పుడో అందింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం గొంతు దిగలేదు, కారం ఎక్కువై కాదు.

నువ్వు నాకు క్షమాపణలు రాయకు వదినా. నీ తప్పేమీ లేదు. ఇక్కడ తీరిక లేదు. చైనావాళ్ళతో యుద్ధం సంగతి వింటూనే ఉంటావు. మహిళా మండలిలో జవాన్లకు స్వెటర్లు అల్లాలని చెప్పారు. మంచుకొండల మీద ఉన్నారట పాపం. ముందు వాళ్ళది కానిచ్చి తర్వాత నీది పట్టుకుంటాను. అత్త సంగతి అడిగావు. ఇంట్లో పెద్దవాళ్ళున్నాక అన్నీ మనం అనుకున్నట్టు జరగవు కదా. ఆ మాట ఇక్కడితో వదిలెయ్యి.

అనంతమ్మ

పూర్ణా జంక్షన్
9-1-1963

అనంతమ్మా,

నువ్వు జవాన్లకు అల్లుతున్నావని క్వార్టర్స్ అంతా చెప్పుకున్నాను. మా ఆడబిడ్డ అని మరీ చెప్పాను. నా పని వెనక పడితే పడనీ అనుకున్నాను.

పోయిన నెల మొగుడంపల్లిలో మన చుట్టం చెన్నబసప్ప కూతురి పెళ్ళికి పోతే నువ్వు రాలేదు. జ్వరమట. మీ అత్తగారు ఒక్కతే వచ్చింది. ఎదురొచ్చి, "మంచిగున్నవా బిడ్డా?" అని నా చెయ్యి పట్టుకోబోయింది. నేను మొహం తిప్పుకున్నాను. భోజనాల్లో ఆమెకు వడ్డించకుండా దాటి పోయాను. నువ్వు వదిలెయ్యమన్నావు గానీ నావల్ల కాలేదు. నా చెల్లెలి వస్తువును ఇంట్లో ఉండనివ్వని మనిషికి నేను ఎట్లా వడ్డిస్తాను?

ఇక నాకు రెండో చెయ్యి వద్దు. ఎంతవరకు అయితే అంతవరకే చాలు. మీ అన్న ఫిబ్రవరి మూడో తేదీన బీదరు పని మీద వచ్చి జహీరాబాదు దాకా వస్తాడు. అతని చేతికి ఇవ్వు. ఒంటిచేతిదైనా తొడుక్కుని చూస్తాను. రెండేళ్ళుగా ఆ ఒక్కటీ తెలియకుండా బతుకుతున్నాను అనంతమ్మా.

లక్ష్మమ్మ

జహీరాబాద్
3-2-1963

వదినా,

అన్న అత్తతో మాట్లాడుతూ కూర్చున్నాడు, నేను వంటింట్లో ఇది రాస్తున్నాను. ఆయన చేతికి ఒక మూట ఇస్తున్నాను, ఆయనకు ఏమీ చెప్పలేదు. నువ్వు విప్పే ముందు మూట పైన కట్టిన పాత ఉత్తరం చదువు. పోయిన మార్చి పదకొండున రాసింది. రాసి, చీరల కింద పెట్టి, మర్నాడు అబద్ధం రాసి పోస్టు చేశాను.

నీ స్వెటర్‌ను పాడుచేశాను. ఎట్లా చేశానో అందులో ఉంది. పాడుచేసిన తర్వాత చేసినవి ఇందులో రాస్తాను.

అదే నీలం ఊలు హైదరాబాదు నుంచి తెప్పించి, సీతాబాయి అల్లినట్టే అల్లి నీకు అంటగడదామనుకున్నాను. నాలుగుసార్లు మొదలుపెట్టాను. నీకు చేస్తున్న మోసంలో కూడా నేను కొసకు చేరలేదు. సూది విరగలేదు. జవాన్లకు నేను అల్లింది ఒక్క మఫ్లరు, అది కూడా సగంలో వదిలేస్తే పక్కింటి నారమ్మ పూర్తిచేసింది. పెళ్ళినాడు నాకు జ్వరం లేదు, నీ ముందుకు రాలేక పడుకున్నాను.

అన్నిటికన్నా పాపిష్టిది అత్త సంగతి. నీ మూట వచ్చిన రోజు, "చిన్న పిల్లది, పైలంగ పెట్టు బిడ్డా" అని ఆమే తన సందుగలో తన చీరల మధ్య చోటు చేసింది. నువ్వు అనుమానపడితే నాకు ఒక సాకు దొరికినట్టయింది, కాదని రాయలేదు. పెళ్ళి నుంచి వచ్చి, "మీ వదినకు నేనేం జేసిన? నన్ను జూసి మొకం తిప్పుకున్నది" అని అడిగింది. "ఆమెకు చూపు సరిగ ఆనదు అత్తా" అన్నాను. నా అబద్ధం నిలబడటానికి నీకు కంటి జబ్బు కూడా తెచ్చిపెట్టాను. ఆమె నమ్మి, పొన్నగంటి కూర తింటే మంచిదని నీకు రాయమంది.

నువ్వు క్షమించమని రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. దాన్ని చదివినప్పుడల్లా నన్ను ఎవరైనా తొట్టిలో వేసి తొక్కితే బాగుండుననిపిస్తుంది.

అనంతమ్మ

పూర్ణా జంక్షన్
17-2-1963

అనంతమ్మకు,

మూట చేరింది. రెండు ఉత్తరాలూ చదివాను. తర్వాత దాన్ని చాప మీద పరిచాను. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏది దానిదో, ఏది నీదో తెలియలేదు. ట్రంకులో దొరికినప్పుడు వేళ్ళతో తడిమితే వరసలు తగిలేవి. ఒకచోట కుట్టు జారి మళ్ళీ ఎత్తుకున్నట్టు ముడి ఉండేది. ఆ ముడి కోసం చాలాసేపు వెతికాను. మీ అన్న చూసి, "మన చిన్నపిల్లకు పడతదేమో" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు గానీ నేను గదిలోనుంచి లేచిపోయాను.

తొక్కినందుకు నిన్ను ఏమీ అనను. మన ఇంటి పద్ధతి, తెలియక చేశావు. నేనైనా అదే చేసేదాన్నేమో. దాచిపెట్టినందుకు అంటాను. నువ్వు తప్పు చేసి కూర్చుంటే నేనే నీకు మన్నించమని రాశాను. ముసలామె మొహం మీద మొహం తిప్పుకున్నాను. మీ అత్తగారికి విడిగా కార్డు రాశాను, చదివి వినిపించు. ఒక్క అక్షరం కూడా మింగకు.

ఇప్పుడు ఒకటే అడుగుతాను. అది పాడయ్యేదాకా అయిదు నెలలు నీ దగ్గర ఉంది. ముక్కలు కలిపి కుట్టింది నువ్వు. అది ఎవరి కొలత? నాదా, సీతాబాయిదా?

నన్ను ఓదార్చడానికి రాయకు. "నీదే వదినా" అని ఒక్క మాట రాసి పంపితే నేను నమ్మను. నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. అబద్ధం ఎంత నిజంలా రాశావు! సగం అయిందన్న ఆ చెయ్యిని నేను కళ్ళారా చూసినట్టే ఉండింది. ఇక నీ మాటను ఎట్లా నమ్మాలో నువ్వే చెప్పు.

లక్ష్మమ్మ

జహీరాబాద్
24-2-1963

వదినా,

నీ కార్డు అత్తకు చదివి వినిపించాను. ఎందుకు మొహం తిప్పుకున్నావో నా నోటితోనే చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. ఆ పూట మాత్రం నా చేతి అన్నం తినలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. నేను దాన్ని కొలవలేదు. జానతో గానీ టేపుతో గానీ ఒళ్ళు కొలవలేదు. కొలిచానని రాసి రెండు అంకెలు వేస్తే నువ్వు నమ్మేదానివేమో, కానీ కొలవలేదు. చేతికి ఎన్ని కుట్లు వేయాలో ఒక్కటే లెక్కపెట్టుకున్నాను, యాభై రెండు. దాంతో నీకు తెలిసేదేమీ లేదు.

అయినా అది ఎవరి కొలతో నాకు తెలుసు. ఎట్లా తెలుసో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పంపని ఉత్తరంలో కూడా రాయలేదు. మొన్న అన్ని తప్పులూ ఒప్పుకుంటున్నానని రాసినప్పుడు కూడా దీన్ని దాటేశాను.

నేను దాన్ని తొడుక్కున్నాను.

నువ్వు కొలత సంగతి రాయకముందు, పోయినేడు కాక అంతకు ముందటి డిసెంబరులో. ముక్కలు కుట్టి కొయ్యకు తగిలించాను. పొద్దున నీళ్ళకు పోతుంటే చలి కొరికేస్తోంది. ఒక్కసారి వేసుకుని చూద్దామనుకున్నాను. వెచ్చగా ఉంది, విప్పబుద్ధి కాలేదు. చెయ్యి లేని పక్క కొంగు కప్పుకుని మూడు పొద్దులు బావికి పోయాను. మూడో పొద్దు నారమ్మ చూసి, "మస్తున్నదే, ఎవరిది?" అంది. నేను, "నాదే, నేనే అల్లుకున్న" అన్నాను. చచ్చిపోయిన పిల్ల పనిని నాదని చెప్పుకున్నాను వదినా. కొసదాకా ఒక్కటీ అల్లలేనిదాన్ని, నారమ్మ కళ్ళల్లో ఆ మెచ్చుకోలు చూడాలని ఆశపడ్డాను.

అది నాకు సరిపోయింది. సంకల్లో బిగుసుకోలేదు, నడుం దగ్గర ఎగరలేదు, భుజం కుట్టు భుజం మీదే కూర్చుంది. నీకూ నాకూ ఒకటే కొలత. నా పెళ్ళికి దర్జీ గుండయ్య వేళకు కుట్టివ్వకపోతే నీ రవికెలే కదా నేను తొడుక్కున్నది, ఒక్క కుట్టు విప్పలేదు, ఒక్క కుట్టు వెయ్యలేదు. సీతాబాయి మనిద్దరిలో సగం ఉండేది. ఆ పిల్ల అది వేసుకుంటే గోనెసంచిలో దూరినట్టు ఉండేది. తనకోసం అల్లుకున్నది కాదు.

నువ్వు కొలత గురించి రాసినప్పుడే ఈ మాట చెప్పి ఉండాలి. తొడుక్కున్నానని చెప్పడానికి సిగ్గుపడ్డాను. పూర్తయ్యాక నువ్వే తొడుక్కుని తెలుసుకుంటావులే అనుకున్నాను. తర్వాత తొక్కాను.

ఇంతే నాకు తెలిసింది. ఆ కార్డు రాయకముందు అల్లిందో, రాసిన తర్వాత అల్లిందో తెలియదు. నీ మీద ఏమనుకుందో తెలియదు. తెలుసని రాయలేను. ఈ పొద్దు నారమ్మ దగ్గరికి పోయి, అది నేను అల్లింది కాదని చెప్పాను. "గట్లనా" అని బిందె ఎత్తుకుని పోయింది. నమ్మకం కుదరకపోతే ఆమెను అడుగు, పక్కిల్లే.

అనంతమ్మ

పూర్ణా జంక్షన్
10-3-1963

అనంతమ్మా,

నమ్మాను. నన్ను ఊరడించాలనుకున్న మనిషి జానలు, బెత్తలు రాసి పంపేది. "నాదే అన్నాను" అని రాసేది కాదు.

నాకోసమే అల్లింది. ఈ మాట నా చేత్తో రాసుకుంటే ఎట్లా ఉంటుందో చూద్దామని రాశాను. రెండేళ్ళు ఈ ఒక్కటి తెలిస్తే చాలు, గుండె తేలికవుతుందనుకున్నాను. కాలేదు. పిల్ల అక్కడ నా భుజాల కొలత గుర్తుపెట్టుకుని అల్లుతూ ఉంది, నేను ఇక్కడ సున్నం వేసేవాడికి మూలలు చూపిస్తూ నిలబడ్డాను. దానికి నా మీద కోపం ఉందంటేనే నాకు కొంచెం నయంగా ఉండేదేమో. వంటింట్లో కూర్చుని ఏడిస్తే మీ అన్న వచ్చి ఏమిటని అడిగాడు. కార్డు సంగతి ఆయనకు చెప్పేశాను. పక్కన కూర్చున్నాడు.

నీ మీద నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే నేనూ నీలాగే రాసినట్టు. కానీ నువ్వు ఉత్తరాలు మానకు. ఆ మూడు పొద్దుల సంగతి ఇంకా రాయి. మెడ దగ్గర గుచ్చుకునేదా, మెత్తగా ఉండేదా? ఉన్న ఆ ఒక్క చెయ్యి మణికట్టు దాకా వచ్చేదా, ఇంకా కిందికి దిగేదా? నీకు గుర్తున్నంత రాయి, గుర్తులేనిది లేదని రాయి. నా చెల్లెలు నాకోసం అల్లినదాన్ని ఒంటి మీద వేసుకున్నది ఈ లోకంలో నువ్వొక్కదానివే.

లక్ష్మమ్మ